చర్చికి సిమెంటు, బంగ్లాకు సున్నం: సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చి కేస్ స్టడీ

నన్ను పిలిచింది ఒక పెళ్లి గురించి. పెళ్లికి ఇంకా రెండు వారాలుందనగా చర్చి లోపలి గోడ నుంచి చపాతీ పీటంత గిలాబు పెచ్చు ఊడి రెండో వరస బెంచీ మీద పడింది. మంగళవారం మధ్యాహ్నం కాబట్టి ఎవరికీ ఏం కాలేదు. ఆదివారమైతే ఆ బెంచీలో కూర్చునేది మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు. ట్రెజరర్‌గారు ఫోన్‌లో అడిగింది ఒక్కటే: "సార్, పెళ్లిలోపు ప్యాచ్ వేసి రంగు కొట్టించొచ్చా?"

కొట్టించొచ్చు. కొట్టించాం కూడా, ఫోటోల కోసం. ఆ ప్యాచ్ నాలుగు నెలలకే పొక్కింది. అప్పుడు మొదలైన పని తెమలడానికి మూడేళ్లు పట్టింది. సున్నం గోడలతో తంటాలు పడుతున్న తోటి ఇంజినీర్లకూ, పాత కట్టడాలు చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్న కమిటీ పెద్దలకూ పనికొస్తుందని ఆ మూడేళ్ల సంగతి రాస్తున్నాను. చర్చి పేరు మాత్రం రాయను. కమిటీ వద్దంది, నాకూ అదే సబబనిపించింది. సికింద్రాబాద్‌లో పాత చర్చీలకు కొదవ లేదు, ఇది ఫలానాదని వెతుక్కోవద్దు.

రెండు కట్టడాలు, నలభై అడుగుల దూరం

1798లో నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ సైన్య సహకార ఒప్పందం కుదిరాక కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో సికిందర్ జా పేరు మీద ఆ దండుకి సికింద్రాబాద్ అని పేరొచ్చింది. పటాలం ఉన్నచోట గురువు కావాలి, గురువుకి గుడి కావాలి. సెయింట్ జాన్స్ 1813లో, బొల్లారం హోలీ ట్రినిటీ 1847లో, సెయింట్ మేరీస్ 1850లో, అలా ఒకదాని వెనక ఒకటి లేచాయి. నేను చెప్పబోయే చర్చి కూడా ఆ వరసలోదే. దాని పక్కన గురువు ఉండడానికి కట్టిన ఇల్లు. కాగితాల్లో దాని పేరు పార్సనేజ్. సంఘంలో పెద్దవాళ్లు ఇప్పటికీ 'దొరగారి బంగ్లా' అంటారు, దొరలు పోయి డెబ్బై ఐదేళ్లు దాటినా. పిల్లలకు అది పాస్టర్ అంకుల్ ఇల్లు.

చర్చి గోడలు రెండున్నర అడుగుల మందం. బయటి వరసా లోపలి వరసా నల్లరాయి, మధ్యలో చిన్న రాళ్లూ డంగు సున్నమూ కూరినవి. పైన టేకు ట్రస్సులు (కప్పును మోసే త్రికోణపు చట్రాలు), వాటి మీద మంగళూరు పెంకులు. బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది 1865లో కాబట్టి ఈ పెంకులు చర్చి కట్టిన తర్వాత ఎక్కినవే. అంతకు ముందు ఏ నాటు పెంకో ఉండి ఉంటుంది.

బంగ్లా గోడలూ అదే రాయి, అదే సున్నం. కానీ కప్పు వేరు, మద్రాస్ టెర్రస్. ఇప్పటి కుర్ర ఇంజినీర్లు దీన్ని పుస్తకంలో చూడడమే గానీ ఎక్కి చూసినవాళ్లు తక్కువ కాబట్టి రెండు మాటలు చెప్తాను. టేకు దూలాల మీద చిన్న దూలాలు పరుస్తారు. వాటి మీద అంగుళం మందం మాత్రమే ఉండే సన్న ఇటుకల్ని నిలువు అంచు మీద, మూలకి వాలుగా, సున్నంతో ఒకదానికొకటి అతికిస్తూ పేరుస్తారు. దానిపైన ఇటుక జెల్లీ, అంటే చిన్న ఇటుక ముక్కలు, కలిపిన సున్నం కాంక్రీటు మూడు నాలుగు అంగుళాలు పోసి, చెక్కలతో రోజుల తరబడి కొడతారు. పైన పల్చటి పలకలు. ఇనుము మచ్చుకైనా ఉండదు. దీనికి ఐఎస్ 2119 అని మన ప్రమాణ పత్రం కూడా ఉంది, ఎవరూ తెరవరు.

రెండింటి ఆలనాపాలనా మాత్రం ఒకేలా జరగలేదు. చర్చికి ఎప్పుడూ డబ్బు దొరికింది. తొంభైల్లో లోపలా బయటా పాత గిలాబు కొట్టేసి సిమెంటు పూశారు. తర్వాత వాల్ పుట్టీ, దాని మీద ప్లాస్టిక్ ఎమల్షన్. షాబాద్ బండల నేల మీదే మెరిసే విట్రిఫైడ్ టైల్స్ పరిచారు. బయట దుమ్ము లేవకుండా గోడ అంచు దాకా పేవర్ బ్లాకులు. ఒక్కో పని పక్కన ఒక్కో చలవరాతి పలక: ఫలానావారి జ్ఞాపకార్థం వారి కుటుంబీకులు. అన్నీ ప్రేమతో ఇచ్చినవే.

బంగ్లాకు ఆ యోగం పట్టలేదు. నాలుగైదేళ్లకోసారి పాస్టర్‌గారు బదిలీ అవుతారు. వచ్చిన ఆయన సామాను సర్దుకుని, కమిటీకి రెండు అర్జీలు పెట్టుకునేలోపు మళ్లీ బదిలీ. క్రిస్మస్ ముందు బయటికి ఒక కోటు వెల్ల, అంతే. నేను వెళ్లేసరికి డాబా మీద నీలం టార్పాలిన్, కింద హాల్లో మూడు బకెట్లు, వంటింట్లో ఒక జర్మన్ సిల్వర్ గిన్నె. కమిటీ ఫైల్లో అప్పటికే ఒక ప్లాన్ ఉంది: బంగ్లా పడగొట్టి కింద షాపులు, పైన కమ్యూనిటీ హాలు, ఆ అద్దెలతో చర్చికి మరమ్మతు.

బకెట్ పక్కన పొడి గోడ

జులై మొదట్లో రెండోసారి వెళ్లినప్పుడు గట్టి వాన. చర్చిలో గోడలు నడుము ఎత్తు దాటి చెమ్మగా ఉన్నాయి. కిటికీల మధ్య ఎమల్షన్ రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. ఒక పొక్కును గోటితో చిదిపితే లోపల బియ్యప్పిండిలాంటి ఉప్పు. దీన్నే మన మేస్త్రులు చవుడు కొట్టడం అంటారు. వెల్ల వాసనా తడి గోనెసంచి వాసనా కలిసినట్టు ఒక కంపు. కప్పు మాత్రం ఎక్కడా కారడం లేదు.

వాన తగ్గేదాకా బంగ్లా వరండాలో ఆగాను. పాస్టరమ్మగారు టీ ఇచ్చి, బకెట్ నిండిందని దాన్ని మార్చడానికి వెళ్లారు. ఊరికే గోడకు చెయ్యి ఆనించాను. పొడిగా, చల్లగా ఉంది. ఇంకో చోట పెట్టి చూశాను. అక్కడా పొడే. పైనుంచి ధారగా కారుతున్న చోట మరక తప్ప, నేల దగ్గర కూడా చెమ్మ లేదు. వేలికి సున్నం అంటింది, అంతే.

పైన కారుతున్న ఇంట్లో గోడ పొడి. పైన కారని చర్చిలో గోడ తడి. ఒకే రాయి, ఒకే సున్నం, ఒకే నేల, మధ్యన నలభై అడుగులు. నిజం చెప్పాలంటే ఈ కేసంతా ఆ టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డ పది నిమిషాల్లోనే తేలిపోయింది. మిగతాదంతా కమిటీని ఒప్పించడానికి చేసిన రుజువులు.

రాతి గోడ నేల నుంచి తడి పీలుస్తుంది. కొత్తదైనా పాతదైనా పీలుస్తుంది. పాతకాలంలో గోడల కింద తడిని ఆపే పొర వేసేవారు కాదు. ఎంత పీల్చిందో అంత బయటికి వదిలేయడం దాని పద్ధతి, సున్నం పూత ఆ ఆవిరిని పోనిస్తుంది. సిమెంటు గిలాబు, పుట్టీ, ప్లాస్టిక్ రంగు, మూడూ కలిసి ఆ దారి మూసేస్తాయి. నేల మీద టైల్స్ ఇంకో మూత. పక్క దారులు మూసుకున్న నీళ్లు గోడలోంచే పైకి ఎక్కుతాయి, ఎక్కుతూ ఉప్పును మోసుకెళ్తాయి. ఆరే చోట ఉప్పు గడ్డకట్టి గిలాబును లోపలి నుంచి తోస్తుంది. బెంచీ మీద పడిన పెచ్చు అలా తోయబడ్డదే. నాతో వచ్చిన పెద్ద మేస్త్రి ఇదంతా ఒక్క ముక్కలో తేల్చేశాడు: "గోడకు రెయిన్‌కోట్ తొడిగిండ్రు సార్, లోపల చెమటకు నానుతున్నది."

రుజువులకి వద్దాం. చేతిలో పట్టుకునే మాయిశ్చర్ మీటరును నేను ఇలాంటి చోట నమ్మను. అది కొలిచేది విద్యుత్తు ఎంత బాగా పారుతుందని. ఉప్పు పట్టిన గోడ దాదాపు ఆరిపోయినా అది తడి అనే చూపిస్తుంది. కాబట్టి పాత పద్ధతే: మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో పైపైన ఒకటీ లోతుగా ఒకటీ, నెమ్మదిగా డ్రిల్ చేసి పొడి తీసి, వెంటనే సీసాల్లో మూత బిగించి, కాలేజీ ల్యాబులో తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచడం. గాలిలో తేమ గోడ మీద పట్టి ఉంటే పైపొర ఎక్కువ తడిగా ఉండాలి. మాకు లోతుకు పోయేకొద్దీ తడి పెరిగింది, పైకి పోయేకొద్దీ తగ్గింది. అంటే నీళ్లు కింద నుంచి వస్తున్నాయి, బయటికి పోలేకపోతున్నాయి. ఇంకో వాదనకి తావు లేదు.

తర్వాత తవ్వాం. దక్షిణపు గోడ పక్కన పేవర్ బ్లాకులు నాలుగు వరసలు లేపి, గోడ అంచున గొయ్యి తీయించాను. మొదట ఇసుక, దాని కింద పాత సిమెంటు కాంక్రీటు, దాని కింద ఎర్ర మట్టి, అందులో విరిగిన పెంకులు, ఒక సోడా గోలీ. ఒకటింపావు అడుగు లోతులో గడ్డపార టంగుమంది. చేత్తో మట్టి తీస్తే చెక్కిన రాయి, చర్చి అసలు పునాది పీట. దాని కాళ్ల దగ్గర జానెడు వెడల్పు రాతి కాలువ, అంచులు గుండ్రంగా చెక్కినది, మట్టితో నిండిపోయింది. మేస్త్రి ఒక చెంబు నీళ్లు పోశాడు. పూడికలోనే కొంచెం కొంచెంగా ఇంకుతూ, నీళ్లు తూర్పు వైపుకి కదిలాయి. వాలు ఇంకా ఉంది.

కట్టినవాళ్లు గోడను నీటి నుంచి కాపాడడానికి చేసిన ఏర్పాటంతా అక్కడే ఉంది. ఒకరి తర్వాత ఒకరు కాంపౌండు ఎత్తు పెంచుకుంటూ పోయి దాన్ని పూడ్చేశారు. ఇప్పుడు బయటి నేల చర్చి లోపలి నేలకంటే ఎత్తు. వాన పడితే పేవర్ల మీది నీళ్లు నేరుగా గోడలోకే. బంగ్లా చుట్టూ ఎవరూ పేవర్లు వేయలేదు, ఆ చుట్టూ కాలువలో పాస్టరమ్మగారి పుదీన మొక్కలున్నాయి.

కమిటీ ముందు

పాస్టరేట్ కమిటీ సమావేశం రెండున్నర గంటలు జరిగింది. అప్పటికి వాళ్ల దగ్గర ఒక కొటేషన్ ఉంది: గోడలో అడుగుకో బొక్క వేసి రసాయనం ఎక్కించడం, పైన ఎపాక్సీ పూత. ఇటుక గోడల్లో ఈ ఇంజెక్షన్ పద్ధతికి కొంత చోటు ఉందేమో గానీ, మధ్యలో ఖాళీలున్న రాళ్ల గోడలో ఆ మందు ఎటు పోతుందో ఎక్కించేవాడికే తెలియదు. ఎపాక్సీ అంటే రెయిన్‌కోటు మీద ఇంకో రెయిన్‌కోటు.

నేను అడిగినవి నాలుగు. గోడ చుట్టూ మూడు అడుగుల మేర పేవర్లు తీసి పాత కాలువ తెరవాలి. లోపలా బయటా సిమెంటు గిలాబు తీసేయాలి. తీశాక ఒక ఏడాది గోడను ఉత్తగా వదిలేయాలి. బంగ్లా పడగొట్టకూడదు.

మొదటి రెండూ గొణుగుతూ ఒప్పుకున్నారు. మూడోది విని ఒక పెద్దాయన లేచి, "క్రిస్మస్‌కి గోడలు బోసిగా, రాళ్లు తేలి కనిపిస్తే జనం ఏమనుకుంటారు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. జవాబు తర్వాత సంఘంలోని ఆడవాళ్ల బృందం, స్త్రీల మైత్రి వాళ్ల నుంచి వచ్చింది, అది చెప్తాను.

నాలుగో దాని దగ్గర అసలు గొడవ. చట్టం ఒక మాట చెప్తుంది గానీ దాన్ని నమ్ముకుంటే కష్టం. హైదరాబాద్ వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న 13వ రెగ్యులేషన్‌ను 2015లో తీసేశారు. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. ఈ మధ్యలో ఏ జాబితాలో ఉన్నది ఏ జాబితాలో లేదో తేల్చుకోవడమే ఒక పని. దానికి తోడు చర్చి ఆస్తులు సాధారణంగా స్థానిక సంఘం పేరు మీద ఉండవు, పైన ట్రస్టు పేరు మీద ఉంటాయి. పడగొట్టాలంటే అక్కడి దాకా పోవాలి. ఇవన్నీ చెప్పాను. ఎవరి మీదా పెద్దగా పని చేయలేదు.

పని చేసింది వేరు. బంగ్లా వంటింటి గోడ నుంచి తీసిన సున్నం ముక్కను గాజు గ్లాసులో వేసి పలచని యాసిడ్ పోశాను. బుసబుసా పొంగి సున్నం కరిగిపోయింది. అడుగున ఇసుక, దానితోపాటు ఎర్రటి పొడి. సుర్కీ, అంటే కాల్చిన ఇటుక పొడి. "మీ చర్చి గోడకి మళ్లీ ఏం పూయాలో చెప్పే కాగితం ఇది ఒక్కటే మిగిలింది. చర్చిలో ఉన్న కాపీని మీరు తొంభైల్లో కొట్టి పారేశారు" అన్నాను. కొంచెం కటువుగానే అన్నాను. పాస్టర్‌గారు నవ్వి, "అయితే బ్రదర్, మా ఇల్లు బీదగా ఉండబట్టే మీకు పనికొచ్చిందన్నమాట" అన్నారు. ఆ సాయంత్రం పడగొట్టే ఫైలు పక్కన పెట్టారు. కొట్టేయలేదు, పక్కన పెట్టారు.

చర్చి పని

సిమెంటు గిలాబు తీయడం నేను అనుకున్నదానికంటే మెల్లగా సాగింది. బ్రేకర్ మిషన్ వాడనివ్వలేదు, సుత్తీ ఉలీ మాత్రమే. చాలా చోట్ల గిలాబు ఎలాగూ గోడను వదిలేసి ఉంది, తట్టితే బోలుగా మోగి పలకలు పలకలుగా ఊడొచ్చింది. అంటుకుని ఉన్నచోట రాయి ముఖం కూడా లాక్కొచ్చింది. సిమెంటుతో వచ్చే నష్టం ఇదే, అది కింద ఉన్నదానికంటే గట్టిది. విడాకులు తీసుకునేటప్పుడు కూడా గోడదే నష్టం.

బాల్కనీ మోసే రెండు దూలాల చివరలు గోడలోకి దూరిన చోట కుళ్లిపోయాయి. పైనుంచి చూస్తే టేకు భేషుగ్గా ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే గోడ దగ్గర పిడి దాకా దిగింది. కుళ్లిన భాగం కోసి, పడగొట్టిన ఒక పాత ఇంటి టేకు తెచ్చి, వాలు కోత అతుకు వేసి, స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించాం. కొత్త చివర గోడలో పెట్టేటప్పుడు మూడు వైపులా వేలెడు ఖాళీ వదిలాం, గాలి ఆడడానికి. ఈ ఖాళీ చూడగానే ఏ మేస్త్రికైనా సిమెంటు కూరాలని చెయ్యి దురద పెడుతుంది. దగ్గరుండి కాపలా కాశాను.

నేల మీద టైల్స్ మొత్తం తీయలేదు. డబ్బూ లేదు, దాతల కుటుంబాలు ఇంకా సంఘంలోనే ఉన్నాయి. గోడ అంచున అడుగున్నర పట్టీ మాత్రం తీసి కింది షాబాద్ బండల్ని బయటపెట్టాం, సందుల్లో సున్నం. నేల కింది ఆవిరికి అంత దారి చాలింది. పలకలన్నీ ఎక్కడివక్కడ ఉంచాం.

ఇక క్రిస్మస్. స్త్రీల మైత్రి వాళ్లు తెల్లటి మల్లు గుడ్డ కొని, కిటికీల మధ్య పై నుంచి కింది దాకా వేలాడదీశారు. గుడ్డ గోడకు ఆనకూడదని, జానెడు ఎడం ఉండాలని చెప్తే, వెదురు కర్రలు కట్టించి సరిగ్గా అలాగే చేశారు. కొవ్వొత్తుల ఆరాధన రాత్రి ఆ గుడ్డల వెనక నల్లరాయి నీడలాగా కనిపించింది. గోడలు బోసిగా ఉన్నాయని అన్న పెద్దాయనే, ఇలాగే ఉంచేస్తే పోలేదా అని అడిగారు. కుదరదు, రాయిని పూత లేకుండా వదిలేయడం ఆ కట్టడం పద్ధతి కాదు, అని మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

ఏడాదిలో రెండు సార్లు గోడ కింది భాగానికి నాసిరకం సున్నం పూత వేసి, ఉప్పు పీల్చుకున్నాక గీకి పారేశాం. ఆ గీకిన పొడిని కాంపౌండులో పోయనివ్వలేదు, ఆ ఉప్పు మళ్లీ నేలలోకి వెళ్లి అదే గోడ ఎక్కుతుంది.

నా తప్పు

ఇప్పుడు నా తప్పు. సున్నం పిడుగురాళ్ల నుంచి రాయిగా తెప్పించాం. షాపులో సంచుల్లో దొరికే సున్నం పొడిని నీళ్లలో వేస్తే చాలాసార్లు వేడే పుట్టదు, అప్పటికే గాలి తగిలి చచ్చిపోయి ఉంటుంది. బట్టీ రాయిని గుంతలో నీళ్లలో వేసి విచ్చుకోనిచ్చి, మూడు నెలలు మాగబెట్టాం. పల్నాడు సున్నం స్వచ్ఛమైనది, కాబట్టి తనంతట తాను గట్టిపడే గుణం తక్కువ, అందుకే సుర్కీ కావాలి. బాగా కాలిన ఇటుక పొడి కంటే తక్కువ కాలిన దాని పొడే సున్నంతో బాగా కలుస్తుంది. పాత నాటు పెంకులు పోగేసి దంచాం. అంతా పద్ధతి ప్రకారమే.

పూత మొదలుపెట్టింది మాత్రం ఏప్రిల్ చివర. జూన్‌లో ఇంకో పెళ్లి ఉంది, కమిటీ తేదీ అడిగింది, నేను ఇచ్చేశాను. పెద్ద మేస్త్రి ముందే చెప్పాడు: "ఇప్పుడొద్దు సార్. వానలు పడ్డంక చూద్దాం, ఎండకు ఇది బతకది." గోనెపట్టాలు కడదాం, రోజుకి నాలుగుసార్లు తడుపుదాం అన్నాను. సున్నం గట్టిపడేది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని, ఆ పని జరగాలంటే పూతలో కొంచెం తడి ఉండాలి. పూర్తిగా ఎండితే అక్కడితో ఆగిపోతుంది. ఇది నేను క్లాసుల్లో చెప్పే పాఠమే. దక్షిణపు గోడకి మే నెల వడగాలి కొట్టింది. తడిపే కుర్రాడు రెండు రోజులు రాలేదు. వారంలో గోడంతా ఎండిన చెరువులా నెరలు విచ్చింది. తట్టితే పొడి రాలింది.

మూడింట రెండు వంతులు కొట్టేసి మళ్లీ ఆగస్టులో వేశాం. ఆ ఖర్చులో సగం నా ఫీజులోంచి పోయింది. మేస్త్రి ఒక్క మాట అనలేదు. ఆగస్టులో పని మొదలైన రోజు మాత్రం, "ఇప్పుడు తడపక్కర్లే సార్, దేవుడే తడుపుతడు" అన్నాడు.

బంగ్లా కప్పు

బంగ్లా కారడానికి కారణం ముసలితనం కాదు, నీళ్ల ట్యాంకు. ఎప్పుడో వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకును డాబా మధ్యలో పెట్టారు. అంటే టన్ను బరువు రెండు మూడు చిన్న దూలాల మీద. అవి కుంగి, పైన సున్నం కాంక్రీటు చిట్లింది. ఆ చిట్లిన చోట నీళ్లు దిగుతున్నాయని పైన రెండు అంగుళాల సిమెంటు పరుపు వేశారు. బరువు ఇంకా పెరిగింది, సిమెంటూ పగిలింది. సందులో దూరిన నీళ్లు పైకి ఆరిపోయే వీలు లేక కిందికే దిగాయి. కథ అదే, చోటు మారిందంతే.

ట్యాంకును వెనక పెరట్లో ఇనుప స్టాండు మీదికి మార్చాం. సిమెంటు పరుపు తీశాం. అన్ని దూలాలూ సుత్తితో తట్టి విని, గుచ్చి చూసి, మూడింటిని మార్చాం. కింద చెక్క ఆధారం పెట్టి, ఆ మూడింటి పైనా ఇటుకలు మళ్లీ నిలువు అంచు మీద పేర్చాం. ఈ పేర్పు తెలిసిన మనిషి కోసం రెండు నెలలు వెతికాం. చివరికి మేస్త్రి మేనమామ, డెబ్బై ఏళ్లు దాటినాయన, కుర్చీలో కూర్చుని చేత్తో చూపిస్తుంటే కుర్రాళ్లు పేర్చారు. మొదటి వరస మూడుసార్లు విప్పించాడు.

తర్వాత కొట్టుడు. సున్నం కాంక్రీటు పోసి, ఎనిమిది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో కొడుతూ వెనక్కి జరుగుతుంటే, మీద కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లడం. కరక్కాయలోని వగరూ బెల్లమూ సున్నాన్ని జిగురుగా, గట్టిగా చేస్తాయి. ఏడు రోజులు పట్టింది. ఎప్పుడు ఆపాలో చెప్పడానికి కొలత లేదు. చెక్క కొడితే మెత్తగా దిగకుండా ఎగిరి చేతిని తంతే, అప్పుడు అయినట్టు. మొదటి రోజు చప్పుడు చప్పచప్పగా ఉంది. ఆరో రోజుకి గంట మీద కొట్టినట్టు ఖణఖణ. కింద హాల్లో పాస్టర్‌గారు ఆదివారం ప్రసంగం రాసుకోలేక వెస్ట్రీలోకి, అంటే చర్చి పక్క గదిలోకి, మకాం మార్చారు.

బెల్లం నీళ్ల డ్రమ్ములు వంటింటి వెనక పెట్టించాం. రెండో రోజుకే పులిసి నురగ కట్టాయి, వాసన వీధి దాకా పోయింది. పాస్టర్‌గారి బంగ్లాలో సారా కాస్తున్నారని పక్క గల్లీలో మాట లేచింది. సంఘంలో మద్యనిషేధం గురించి గట్టిగా మాట్లాడే ఒకాయన స్వయంగా వచ్చి డ్రమ్ము మూత తీసి చూసి, కరక్కాయ తొక్కలు చూసి వెళ్లారు. ఇంకో చిక్కు చీమలు. కొట్టినంతమేరా ఎర్ర చీమలు బారులు తీరాయి. కొట్టే ఆడవాళ్లు కాళ్లకు గుడ్డలు చుట్టుకుని కూర్చున్నారు. పుస్తకాల్లో కరక్కాయ పాళ్లు రాస్తారు గానీ చీమల గురించి ఎవరూ రాయలేదు, అందుకని రాస్తున్నాను.

ఇప్పుడు

మొత్తం ఖర్చు ఎపాక్సీ కొటేషన్ కంటే తక్కువే తేలింది, నా మే నెల నిర్వాకం కలుపుకున్నా. కాలం మాత్రం పది రెట్లు పట్టింది. ఈ పద్ధతికి అసలు అడ్డం ఖర్చు కాదని నా అనుభవం. మూడేళ్లు ఓపిక పట్టే కమిటీ దొరకడమే కష్టం. వీళ్లు పట్టారు. మధ్యలో ట్రెజరర్ మారారు, పాస్టర్‌గారు బదిలీ అయ్యారు, అయినా పట్టారు.

రెండు వానాకాలాలు గడిచాయి. అదే మూడు ఎత్తుల్లో మళ్లీ డ్రిల్ చేసి తూచాం. దక్షిణం, పడమర గోడలు బంగ్లా గోడల స్థాయికి వచ్చాయి. ఉత్తరం మెల్లగా వస్తోంది. ఈశాన్య మూల మాత్రం ఇంకా ఉప్పు పూస్తోంది. అక్కడ నేల కింద పాత మురుగు పైపు ఏదో పగిలి ఉందని నా అనుమానం, తవ్వాలంటే పక్కన సమాధి ఉంది, ఆ కుటుంబంతో మాట్లాడుతున్నారు. డాబా కారడం లేదు.

ప్రతి ఏటా మే చివర చేయాల్సినవి ఒక అట్ట మీద రాసి వెస్ట్రీ తలుపు వెనక తగిలించాం: రాతి కాలువలో పూడిక తీయడం, ఒక మూల బకెట్ నీళ్లు పోసి ఇంకో మూలకి వస్తున్నాయో లేదో చూడడం, పెంకులు సరిచేయడం, గోడలకి సున్నం వెల్ల మాత్రమే వేయడం. గోడకు ఎవరైనా ఏదైనా దానంగా ఇవ్వాలనుకుంటే ముందు ఫోన్ చేయమని నా నంబరు కూడా.

మొన్న ఫోన్ వచ్చింది. కొత్త పాస్టర్‌గారు. పిల్లలకి పరీక్షలు, పడకగదిలో ఏసీ పెట్టుకుంటామన్నారు, రాతి గోడకి బొక్క కొట్టొచ్చా అని అడిగారు. వెళ్లి చూశాను. ఆ గది మూలలో దొరల కాలపు చలిమంట గూడు ఉంది, ఎప్పుడో ఇటుకలతో మూసేసింది. పొగగొట్టం పైదాకా ఖాళీగానే ఉంది. పైపు అందులోంచి తీసి, బయటి యూనిట్‌ను వెనక వరండా గచ్చు మీద రబ్బరు దిమ్మల పైన పెట్టించాం. లోపలి యూనిట్ నుంచి కారే నీళ్లు పుదీన మడిలోకి పోతున్నాయి.